మూడు వేల లీటర్లు

హలో... హలో... వినపడుతోందా అందరికీ? ఆఁ, బాగున్నారా? భోజనాలయ్యాయా? అయితే ఓ పది నిమిషాలు నాతో కూర్చోండి. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు, తప్పులుంటే మీరే సర్దుకుని వినండి.

ఈ మధ్య మన గ్రూపుల్లో ఒక మాట తెగ తిరుగుతోంది కదా. బాగా డబ్బున్నవాళ్ళు కొంతమంది పోయి పోయి, మీ మీద పన్నులు పెంచుతాం అనేవాళ్ళకే ఓటేస్తారట, వీళ్ళకేమైనా పిచ్చా అని. ఒకాయన ఫ్యాషన్ అన్నాడు. ఇంకొకాయన అంతా నాటకం, లోపల ఏదో లాభం ఉండే ఉంటుంది అన్నాడు. నాకు అందరి సంగతీ తెలియదండీ. ఒక్కాయన సంగతి తెలుసు. అది చెప్తాను వినండి.

ఊళ్ళో ఆయన్ని అందరూ సోఫాలాయన అంటారు. ఎదురుపడితే మాత్రం సార్ అంటారు. ఆ బుధవారం పొద్దున్న ఏడున్నరకి ఆయన తన కొత్త సోఫాల షోరూం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మూడంతస్తుల బిల్డింగు. పదింటికి రిబ్బన్ కటింగు. అద్దాలు తుడిచారు, కుర్చీలు వేశారు, మైకు కట్టారు. అన్నీ అయ్యాయి గానీ గుమ్మం ముందు కట్టించిన ఫౌంటెన్‌లో చుక్క నీళ్ళు లేవు. ప్లంబరు అప్పుడే ఆఖరి బిగింపు బిగించి చేతులు దులుపుకుని లేచాడు.

"ఇంక నీళ్ళు పోయడమే సార్. మూడు వేల లీటర్లు పడుతుంది."

"పోయ్ మరి, చూస్తావేం?"

"కుళాయి నీళ్ళతో అయితే రేపు సాయంత్రానికి నిండుతుంది సార్. దారంలాగా వస్తోంది."

మేనేజరు అప్పటికే ట్యాంకర్ల వాళ్ళకి ఫోన్లు చేసి చేసి చెవి ఎర్రగా చేసుకున్నాడు. ఆదివారం మునిసిపల్ ఛైర్మన్ ఎన్నిక. మీటింగుల దగ్గర దుమ్ము లేవకుండా తడపడానికి ట్యాంకర్లన్నీ పోయాయట, మధ్యాహ్నం దాకా రావట. సోఫాలాయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత ఫోన్ తీసి ఫైర్ స్టేషన్ ఆఫీసరుకి కలిపాడు. పోయినేడు ఆ స్టేషన్‌కి ఆరు కుర్చీలు ఊరికే ఇచ్చాడు లెండి, వీపు మీద షోరూం పేరు రాయించి.

"ఏం లేదండీ, ఓపెనింగు కదా, జనం బాగా వస్తారు. లోపలంతా ఫోమూ చెక్కానూ. ముందు జాగ్రత్తకి మీ బండి ఒకసారి పంపితే ధైర్యంగా ఉంటుంది. అలాగే ఆ చేత్తోనే కాసిని నీళ్ళు కూడా..."

"మీరు అడగడం, మేం కాదనడమూనా!" అన్నాడు ఆఫీసరు.

ఊరంతటికీ ఉన్న బండి అదొక్కటే.

ఎనిమిదింటికి ఎర్రబండి వచ్చి ఆగింది. డ్రైవరు దిగాడు. జుట్టంతా తెల్లబడిన మనిషి, రిటైర్మెంటుకి ఏడు నెలలుంది. ఇద్దరు ఫైర్‌మెన్లు పైపు చుట్ట విప్పి ఫౌంటెన్ దాకా పరిచారు. పైపు మీద అక్కడక్కడా కన్నాలు. డ్రైవరు జేబులోంచి సైకిల్ ట్యూబు ముక్కలు తీసి, ఒక్కో కన్నం దగ్గరా మోకాలు ఆన్చి, పళ్ళతో లాగి గట్టిగా ముడి వేస్తూ వచ్చాడు.

"ఏమోయ్, ఈ పైపు వయసు నాకంటే ఎక్కువలా ఉందే," అన్నాడు సోఫాలాయన.

"మీకంటే చిన్నదే సార్. కష్టం ఎక్కువ పడింది, అందుకని అలా కనిపిస్తోంది."

సోఫాలాయనకి నవ్వొచ్చింది. మనిషి సరదా అయినవాడే అనుకున్నాడు. డ్రైవరు వాల్వు మీద చెయ్యి వేశాడు గానీ తిప్పలేదు.

"ట్యాంకు నాలుగున్నర వేలు సార్. మూడు తీసేస్తే మళ్ళీ నింపుకోవడానికి గంటన్నర పడుతుంది. మా స్టేషన్ మోటరు సన్నగా లాగుతుంది. ఇది పోసేసి వెంటనే వెళ్ళిపోతాం."

"వెంటనే ఏంటయ్యా. రిబ్బన్ అయ్యేదాకా ఉండండి. ఫొటోలో వెనకాల ఎర్రబండి ఉంటే నిండుగా ఉంటుంది. ఈ కాస్తలో ఏం కొంప మునిగిపోతుంది?"

డ్రైవరు పక్కకి వెళ్ళి ఆఫీసరుకి ఫోన్ చేశాడు. అవతలి మాటే ఎక్కువసేపు విన్నాడు. "సరే సార్" అని ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చి వాల్వు తిప్పాడు.

పదింటికి రిబ్బన్ కత్తిరించారు. ఫౌంటెన్ లేచింది. నీళ్ళు అద్దం పలక మీంచి పరదాలాగా జారుతుంటే జనం ఫోన్లు పైకెత్తారు. సోఫాలాయన బావమరిది, అంటే వాళ్ళావిడ తమ్ముడు, లాడ్జీ ఓనరు, వర్తక సంఘానికి సెక్రటరీ. అతనే మైకు తెచ్చి బావ చేతిలో పెట్టాడు.

"రెండు ముక్కలు మాట్లాడు బావా. ఆవిడ సంగతి కూడా."

ఆవిడంటే పెద్దటీచరమ్మ. హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరై ఇప్పుడు ఛైర్మన్‌గిరీకి నిలబడింది. పెద్ద బిల్డింగుల మీద పన్ను పెంచుతాను, ఆ డబ్బుతో ఇంకో ఫైర్ బండి కొంటాను, ఆసుపత్రిలో మంచాలు వేయిస్తాను అని కాగితం అచ్చేసి ఇల్లిల్లూ తిరుగుతోంది.

"టీచరమ్మ గారు మన మీద పన్ను పెంచుతారట," అన్నాడు సోఫాలాయన మైకులో. "ఎందుకయ్యా అంటే ఫైర్ బండి కొనాలట. ఇదిగో, ఉన్న బండి ఇక్కడే ఉంది, చూడండి. పొద్దున్నుంచి నీడపట్టున సుఖంగా నిద్రపోతోంది. ఉన్నదానికే పని లేదు, దానికి తోడు ఇంకోటా అండీ?"

అందరూ విరగబడి నవ్వారు. డ్రైవరు బంపరుకి ఆనుకుని పేపరు కప్పులో టీ తాగుతున్నాడు. అందరూ తనవైపు చూస్తున్నారని అతనూ నవ్వాడు, ఎంత నవ్వాలో అంత.

పదీ నలభైకి అతని ఫోన్ మోగింది. రెండు మాటలు విని కప్పు విసిరేశాడు. ఫైర్‌మెన్లు పైపుని చుట్టే టైము లేక అలాగే ముద్ద చేసి పైకి తోశారు. బండి గంట కొట్టుకుంటూ గేటు దాటింది.

"చూశావా బావా, నువ్విలా అన్నావో లేదో దానికలా పని దొరికింది," అన్నాడు బావమరిది. మళ్ళీ నవ్వులు.

గురువారం పొద్దున్న మేనేజరు టీ తెచ్చి బల్ల మీద పెట్టి, రెండో అంతస్తుకి కర్టెన్లు ఇంకా రాలేదని చెప్పాడు.

"ఎందుకు రాలేదు? టైలరమ్మ నిన్ననే ఇస్తానంది కదా."

"ఆవిడ షెడ్డు కాలిపోయిందట సార్. మార్కెట్ వెనక సందులో."

"ఎప్పుడు?"

"నిన్నే సార్. మన ఫంక్షన్ టైములోనే. పదిన్నర దాటాక."

సోఫాలాయన కప్పు ఎత్తాడు. నోటిదాకా వచ్చింది, తాగలేదు. కింద ఫౌంటెన్ చప్పుడు వినిపిస్తోంది. నిన్నంతా ఆ చప్పుడు ఎంతో హాయిగా అనిపించింది.

సందులోకి కారు పట్టలేదు. మొదట్లోనే దిగి నడిచాడు. తడిసిన బొగ్గు వాసన దూరం నుంచే కొట్టింది. రేకులు నల్లగా వంకర్లు తిరిగి కింద పడి ఉన్నాయి. మధ్యలో టైలరమ్మ గొంతుక్కూర్చుని జల్లెడలో బూడిద పోసి ఊపుతోంది. బూడిద కిందకి రాలాక మిగిలినవి వేళ్ళతో ఏరి పక్కన పెడుతోంది. బాబిన్లు, సూదులు, పిడులు కాలిపోయిన కత్తెర. మెడలో కొలత టేపు ఎప్పట్లాగే వేలాడుతోంది. అది ఒంటి మీద ఉండబట్టి మిగిలింది.

ఆయన్ని చూడగానే గబుక్కున లేచి చేతులు తుడుచుకుంది.

"అయ్యో, మీరే వచ్చారా సార్! నేనే వద్దామనుకుంటున్నాను, మొహం చెల్లలేదు. మీ కర్టెన్లు మొత్తం పోయాయి. ఒక్కటీ మిగల్లేదు. ఖరీదైన గుడ్డ సార్ అది. ఏమనుకోకండి. ఊరికే కుట్టిచ్చయినా తీర్చేస్తాను."

సోఫాలాయన ఏదో అనాలి కదా అని, "దెబ్బలేమీ తగల్లేదు కదా?" అన్నాడు.

"నాకేం కాలేదు సార్. ఇస్త్రీపెట్టె వైరు దగ్గర చిటపటమంది, బట్టలంటుకున్నాయి, నేను బయటికి దూకేశాను. ఫైరు వాళ్ళు పాపం తొందరగానే వచ్చారు. ఓ నాలుగు నిమిషాలు కొట్టారు. తగ్గిపోయింది కూడా సార్! మిషన్ల వైపు ఇంకా అంటుకోలేదు. ఇంకాస్త కొడితే అయిపోయేది. అంతలో నీళ్ళు ఆగిపోయాయి." ఆవిడ జల్లెడ వైపు చూసింది. "ఆ ముసలాయన ఉత్త పైపు పట్టుకుని అలా ఊపుతూనే ఉన్నాడు, ఊపితే వస్తాయన్నట్టు. నా షెడ్డు కాలుతోంది గానీ, ఆయన్ని చూస్తే నాకే జాలేసింది."

తర్వాత ఏదో గుర్తొచ్చి వంగి, గోడ పక్కనున్న బిస్కెట్ల డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టింది. లోపల స్టీలు రింగులు. కర్టెన్లకి కుట్టే రింగులు.

"ఇవి మీవే సార్. మసి పోయేదాకా తోమాను. నూట ఇరవై ఉండాలి, రెండు తక్కువున్నాయి. ఇందులోనే ఎక్కడో ఉంటాయి, దొరుకుతాయి."

డబ్బా ఇంకా తడిగా ఉంది. ఆవిడ గోళ్ళ సందుల్లో మసి ఉంది. ఆ చేతులతోనే తన రింగులు తోమిందని ఆయనకి అర్థమైంది. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాడు. బయటికొచ్చింది మాత్రం వేరే మాట.

"మిషన్లు ఎన్ని పోయాయి?"

"కుట్టేవి రెండు, అంచులు కొట్టే ఓవర్‌లాక్ ఒకటి."

"రేపు కొత్తవి పంపిస్తాను."

టైలరమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. కళ్ళమ్మట నీళ్ళు. "మీలాంటివాళ్ళు ఉండబట్టే సార్ మాలాంటివాళ్ళం..." అని మాట పూర్తి చెయ్యలేకపోయింది. చుట్టుపక్కల వాకిళ్ళలో నిలబడ్డవాళ్ళు అది చూశారు. పెద్దమనిషి, ఎంత మంచి మనసో అని ఎవరో అనడం కూడా వినిపించింది. సోఫాలాయన డబ్బా చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు. నడక కాదండీ అది, పారిపోవడం.

అక్కణ్ణించి తిన్నగా ఫైర్ స్టేషన్‌కి వెళ్ళాడు. వరండాలో తనిచ్చిన ఆరు కుర్చీలు వరసగా ఉన్నాయి, వీపుల మీద తన పేరు. డ్రైవరు వాటిలో కూర్చోలేదు. మెట్టు మీద కూర్చుని, పైపుని ఒళ్ళో వేసుకుని, కన్నాలు వెతుకుతూ వేలితో తడుముతున్నాడు. పక్కన ఒక కాగితం, ఎగిరిపోకుండా మీద రాయి.

"ఏంటది?" అన్నాడు సోఫాలాయన.

"మెమో సార్. ట్యాంకు నింపుకోకుండా బండి తీసినందుకు సంజాయిషీ రాయమన్నారు. సోమవారం లోపల."

"మా ఫౌంటెన్ సంగతి రాయొచ్చు కదా."

"ఎక్కడ రాయమంటారు? రిజిస్టర్లో బుధవారం పొద్దున బండి స్టేషన్లోనే ఉంది సార్. మా ఆఫీసరు గారు అలాగే రాశారు."

"మరి నీళ్ళు తక్కువున్నాయని తెలిసి ఎందుకు బయల్దేరావు?"

డ్రైవరు తలెత్తాడు. "బయల్దేరకపోతే?"

సోఫాలాయన చూపు పైపు మీదకి దించుకున్నాడు.

"స్టేషన్‌కి పోయి నింపుకుని వెళ్తే గంటన్నర. ఉన్నదాంతోనే పోతే, ఏమో, ఆరినా ఆరొచ్చు. అలా పోయాను. ఇంకో వెయ్యి ఉంటే ఆరేది సార్. వెయ్యంటే వెయ్యే."

"నేను చెప్తాను పైవాళ్ళకి. రమ్మన్నది నేనేనని చెప్తాను."

డ్రైవరు కన్నం దొరికినచోట వేలు అలాగే ఉంచి, రెండో చేత్తో ట్యూబు ముక్క అందుకున్నాడు. "మీరు చెప్తే మా ఆఫీసరు ఉద్యోగం పోతుంది. నేను చెప్తే నా పెన్షన్ పోతుంది. ఎవరు చెప్పినా మీకు మాత్రం ఏం పోదు సార్. కోపంగా అనట్లేదు, ఉన్నమాట."

సోఫాలాయనకి పక్కనే కుర్చీ ఉంది. కూర్చోవాలనిపించలేదు. "మీరు సంజాయిషీ అప్పుడే ఇవ్వకండి," అన్నాడు. నిన్న ఏమోయ్ అన్న మనిషిని ఇవాళ మీరు అంటున్నానని ఆయన గమనించుకోలేదు. డ్రైవరు గమనించాడు. గమనించి, మళ్ళీ పైపు మీదకి వంగాడు.

శుక్రవారం మధ్యాహ్నం మిషన్లు చేరాయి. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాళ్ళావిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఏమండీ, టైలరమ్మకి మూడు మిషన్లు కొనిచ్చారట! ఊరంతా చెప్పుకుంటోంది, నాకు మాత్రం చెప్పరు. ఆ సందులో ఉండే మన పనమ్మాయి చెప్తే తెలిసింది. ఆవిడ మీ పేరు చెప్పి ఏడుస్తోందట. నాకెంత గర్వంగా ఉందో తెలుసా?"

"గర్వమెందుకు," అన్నాడు ఆయన చెప్పులు విప్పుతూ.

"అదిగో, ఆ అణకువే. అన్నట్టు తమ్ముడు ఫోన్ చేశాడు, ఆరింటికి సంఘం మీటింగట. కరపత్రం మీరే చదవాలట. ఈ డబ్బా ఏంటి? రింగులా? ఎక్కడివి?"

"అక్కడ పెట్టకు. నాకు కావాలి."

సంఘం హాల్లో ఓ యాభైమంది ఉన్నారు. బట్టల షాపులు, బంగారం షాపులు, హోటళ్ళు, అందరూ తెలిసిన మొహాలే. బావమరిది ఇంకా సిరా వాసన వస్తున్న కరపత్రం ఆయన చేతిలో పెట్టి భుజం తట్టాడు.

"అదిరింది బావా. దేవుడు పంపినట్టు దొరికింది పాయింటు. గొంతు పెంచి చదువు."

సోఫాలాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. చదవడం మొదలుపెట్టాడు.

"మన పన్నులు ఎలా తగలబడుతున్నాయో బుధవారం అందరం చూశాం. ఒక పేద టైలరమ్మ షెడ్డు కాలిపోతుంటే మన ఫైర్ బండి ఖాళీ ట్యాంకుతో వచ్చింది. డ్రైవరు ట్యాంకు నింపుకోకుండా నిద్రపోయాడు. ఇలాంటి సోమరిపోతుల కోసం మనం ఇంకా..."

అక్కడ ఆగిపోయాడు. ఎవరో, "మంచినీళ్ళివ్వండయ్యా," అన్నారు. గ్లాసు వచ్చింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"డ్రైవరు నిద్రపోలేదు," అన్నాడు. "మా షోరూం ఫంక్షన్లో నిలబడి ఉన్నాడు. నేనే ఉండమన్నాను. ఆ నీళ్ళు మా ఫౌంటెన్‌లో ఉన్నాయి. మీరంతా ఫొటోలు తీసుకున్నారే, అవే నీళ్ళు."

ముందు ఒకరిద్దరు నవ్వారు, జోకేమో అనుకుని. ఆయన మొహం చూసి ఆపేశారు. బావమరిది చటుక్కున లేచి మైకు మీద చెయ్యి మూశాడు.

"బావా, ఏంటిది? ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇంట్లో ఏముంది మాట్లాడ్డానికి. నేను ఓటు టీచరమ్మకి వేస్తున్నాను."

ఇక హాలంతా గోల. వెనకనుంచి బంగారం కొట్టాయన, "అర్థమైంది లెండి, ఏ కాంట్రాక్టో మాటిచ్చుంటుంది," అన్నాడు. ఇంకొకాయన, "వచ్చేసారి సీటు కోసమయ్యా ఇదంతా," అన్నాడు. బావమరిది మాత్రం నిజంగానే బాధపడుతూ, గొంతు తగ్గించి అడిగాడు.

"తప్పు జరిగింది, సరే. ఎవరికి జరగదు? నీకంతగా సిగ్గనిపిస్తే ఆవిడకి మిషన్లు కొనిపెట్టు, అయిపోతుంది. మధ్యలో పన్నెందుకు బావా?"

"కొనిపెట్టాను రా."

"మరి ఇంకేంటి?"

"ఆవిడ నాకు దణ్ణం పెట్టింది." సోఫాలాయన కళ్ళజోడు తీశాడు. "నా వల్ల షెడ్డు కాలిపోయిన మనిషి నాకు దణ్ణం పెట్టింది. నా రింగులు తోమి ఇచ్చింది. నేను తీసుకున్నాను. ఆ స్టేషన్లో నేనిచ్చిన కుర్చీలున్నాయి, వాటి మొహం చూసే కదా ఆ ఆఫీసరు బండి పంపాడు. పన్ను కడితే నాకెవడూ దణ్ణం పెట్టడు, నేను పిలిస్తే బండీ రాదు. రాకూడదు కూడా. అదిరా నాకు కావాల్సింది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన కరపత్రం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. రోడ్డు మీద నడుస్తుంటే, నేనేదో గొప్ప పని చేశానని కాసేపు అనిపించింది. ఆ అనిపించినందుకు మళ్ళీ సిగ్గేసింది.

శనివారం మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళి, బుధవారం ఎన్నింటికి ఫోన్ చేసిందీ, ఎన్ని లీటర్లు పోయించుకుందీ, బండిని ఎందాకా ఆపిందీ మొత్తం రాసి సంతకం పెట్టిచ్చాడు. ప్లంబరూ మేనేజరూ సాక్షి సంతకాలు పెట్టారు. కాగితం తీసుకున్న గుమాస్తా పైనుంచి కిందదాకా చదివి, "ఇది మీరే రాశారా సార్? ఇంకోసారి ఆలోచించుకుంటారా?" అన్నాడు. ఆయన ముద్ర వేయించుకున్నాడు. మధ్యాహ్నానికి డ్రైవరు మెమో పక్కన పెట్టారనీ, ఆఫీసరు మీద విచారణ వేశారనీ తెలిసింది. షోరూంకి తిరిగొచ్చి ఆయన ఫౌంటెన్ స్విచ్చి ఆపించాడు. "కస్టమర్లు అడుగుతున్నారు సార్," అన్నాడు మేనేజరు. "ఏమని చెప్పమంటారు?"

"ఏం జరిగిందో అదే చెప్పు."

ఆదివారం ఎండ అప్పుడే ఎక్కుతోంది. ఓట్లు స్కూల్లో. వరస గదిలోంచి మొదలై గేటు దాటి గోడవారగా వంపు తిరిగింది. గేటు దగ్గర చీటీలు రాస్తున్నాయన సోఫాలాయన్ని చూడగానే లేచాడు.

"మీరు వరసలో ఏంటి సార్! రండి రండి, ఇటు నుంచి లోపలికి పంపిస్తాను."

ప్రతిసారీ అలాగే వెళ్ళేవాడు. ఈసారి చెయ్యి అడ్డంగా ఊపి చివర నిలబడ్డాడు. నిలబడ్డాక చూశాడు, తన ముందు ముగ్గురి అవతల టైలరమ్మ. మెడలో టేపుంది. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, భుజం మీద ఎర్రదారం పోగొకటి అంటుకుని ఉంది.

ఆవిడకి తెలిసిపోయిందని ఆయనకి వీపు చూడగానే తెలిసింది. మొన్నయితే ఈపాటికి నాలుగుసార్లు వెనక్కి తిరిగి సార్ సార్ అనేది. ఇవాళ వరస కదిలినప్పుడల్లా ఒక్కో అడుగు ముందుకి వేస్తోంది, అంతే. ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. రింగొకటి తగిలింది. పొద్దున్న డబ్బాలోంచి ఒకటి తీసి జేబులో ఎందుకు వేసుకున్నాడో ఆయనకే తెలియదు.

గేటు లోపలికి వచ్చాక మధ్యలోవాళ్ళు ముగ్గురూ వేరే గదని తెలిసి అటు పోయారు. ఇక ఆవిడ వెనకాలే ఈయన. చాలాసేపటికి ఆవిడ సగం తిరిగింది.

"ఎన్ని లీటర్లు సార్?"

"మూడు వేలు."

"డ్రైవరు గారిని అడిగాను. నా షెడ్డుకి ఇంకో వెయ్యి చాలునట."

ఆయన తల ఊపాడు. క్షమించమ్మా అన్న మాట రెండు రోజుల్నించీ నోట్లో తిప్పుకుంటున్నాడు. ఆ వరసలో, ఆ ఎండలో, ఆవిడ భుజం మీద దారం పోగు చూస్తూ ఆ మాట అనడానికి కూడా మొహం చెల్లలేదు. అంటే ఆవిడ పర్లేదు సార్ అనేస్తుందేమోనని భయం.

వరస ఒక అడుగు కదిలింది. టైలరమ్మ కదిలింది. ముందుకి చూస్తూనే అంది.

"మిషన్లు తిరిగి ఇవ్వను సార్. నాకు పని కావాలి. మొన్న పెట్టిన దణ్ణం మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను."

"తీసుకో అమ్మా," అన్నాడు సోఫాలాయన.

ఆవిడ పేరు పిలిచారు, ఆవిడ లోపలికి వెళ్ళి వచ్చి, ఆయన పక్కనుంచే, ఆయన వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఆయన లోపలికి వెళ్ళాడు. అట్ట చాటున నిలబడి టీచరమ్మకి ఓటేశాడు. బయటికి వచ్చేటప్పుడు చీటీలాయన మళ్ళీ లేచి నిలబడబోతే, "కూర్చోండి, కూర్చోండి," అన్నాడు.

ఇదండీ సంగతి. ఎవరు గెలిచారని అడక్కండి, నేను చెప్పొచ్చింది అది కాదు. మీ గ్రూపుల్లో ఎవరైనా ఆ డబ్బున్నవాళ్ళకి పిచ్చా అని మళ్ళీ అడిగితే, వాదన పెట్టుకోకుండా ఈ కథ వాళ్ళకి పంపండి. ముఖ్యంగా మీకు తెలిసినవాళ్ళెవరైనా కొత్త బిల్డింగు ఓపెనింగు పెట్టుకుంటే, వాళ్ళకి ముందు పంపండి. ఉంటాను మరి.